బగోనె అడుగున గీతలు

ఊళ్ళో దొంగతనాలు తగ్గింది కళాయి సిరాజ్ మీద కన్నేసి ఉంచినందుకా, లేక మరి దేనివల్లనా? ఈ అనుమానం రాజలింగును పదిహేనేళ్ళుగా విడిచిపెట్టలేదు. పొద్దున్నే విభూతి పెట్టుకొని శివుడి పటం ముందు నిలబడ్డప్పుడు కూడా అదే గుర్తుకొచ్చేది. దేవుణ్ణి అడగవలసిన సంగతి కాదని అతనికి తెలుసు. ఠాణా పుస్తకం రాసింది దేవుడు కాదు, తను.

ఇంతవరకు నడిచిన కథ ఇది. నిజామాబాద్ నుంచి బోధన్ పోయే తోవలో, చెరుకు తోటల నడుమ ఉన్న ఇప్పలపేట ఠాణాలో రాజలింగు రైటరు. 1957లో ఆ ఊళ్ళో ఒక్క ఏడాదిలో ముప్పై ఒక్క ఇళ్ళలో ఇత్తడి సామాను పోయింది. సాక్షి లేడు, ఊళ్ళో ఎవరి దగ్గరా సొత్తు దొరకలేదు. అయినా అప్పటి ఎస్సై, ఊరి పిలుపులో అమీన్ సాబ్, గిన్నెలకు కళాయి వేసే సిరాజ్ పేరును కేడీల పుస్తకంలో ఎక్కించాడు. అంటే పోలీసులు ఎప్పుడూ కనిపెట్టి ఉండవలసిన పాత దొంగ అన్నమాట. అప్పటినుంచి సిరాజ్ ప్రతి సోమవారం పది గంటలకు ఠాణాకు వచ్చి హాజరీ వేయాలి. వేరే ఊళ్ళో ఒక్క రాత్రి పడుకోవాలన్నా చిట్టీ కావాలి. ఆ మరుసటేడు నుంచే ఇళ్ళలో దొంగతనాలు తగ్గుతూ వచ్చాయి. పోయినేడు రెండే రెండు. ఇప్పుడు సిరాజ్ అర్జీ పెట్టుకున్నాడు. ఊళ్ళో కళాయి పని లేదు, నిజామాబాద్‌లో పెండ్లి వంటల పెద్ద డేగిసాలకు ఇంకా కళాయి వేసేవాడు కావాలట, తన పేరు తీసేస్తే అక్కడికి పోయి బతుకుతానని. అదే వారం జిల్లా ఆఫీసు నుంచి ఇంకో కాగితం వచ్చింది, మీ ఠాణాలో దొంగతనాలు ఇంతగా ఎందుకు తగ్గాయో రాసి పంపండని. ఎస్సై విఠల్‌రావు రెండు కాగితాలూ రాజలింగు బల్ల మీద పెట్టి, సోమవారానికి జవాబు కావాలన్నాడు.

ఆ సోమవారం తెల్లవారింది.

"ఏమయ్యా, అటక మీద ఏం దేవులాడుతున్నవ్?" వంటింట్లోంచి వసంతమ్మ కేకేసింది.

"ఆ పాత ఇత్తడి బగోనె ఏదే?"

"స్టీలు సామానోడు ఇయ్యాల వస్తడని మూటగట్టిన. ఎందుకు? పెన్షన్‌కు ఇంక మూడు నెలలున్నది, అప్పుడే వంట మొదలువెడ్తవా?"

రాజలింగు నవ్వలేదు. మూట విప్పి, అన్నం వండుకునే ఆ బగోనె తీశాడు. బోర్లించి, అడుగున పట్టిన మసిని బొటనవేలితో తుడిచాడు. నాలుగు గీతలు, పక్కన రెండు చుక్కలు. మేకుతో గీసినవి.

మొదటిసారి ఆ గీతలు అతను ఠాణాలోనే చూశాడు. యాభై ఏడులో నాందేడ్‌లోని పాత ఇనుప సామాన్ల దుకాణంలో ఆరు బగోనెలు దొరికాయి. ఆరింటి అడుగునా ఇలాంటి గీతలే. అమీన్ సాబ్ బల్ల గుద్ది, "దొరికిండు బద్మాష్! కళాయి వేస్తనని ఇంటింటికీ పోయి, ఏ ఇంట్ల ఏమున్నదో దొంగలకు గుర్తులు వెట్టి ఇస్తున్నడు" అన్నాడు. రాజలింగు అలాగే రాశాడు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చేతులు కడుక్కుంటుంటే, కడిగి బోర్లించిన తమ బగోనె అడుగున కూడా గీతలు కనిపించాయి.

"ఇదేందే?" అని అడిగాడు.

"అదా? నాలుగో గల్లీ, రెండో ఇల్లు. సిరాజన్న గీస్తడు. లేకుంటే మన బగోనె ఎదురింటి హన్మవ్వకు పోతది, ఆమెది మనకొస్తది. అన్ని గిన్నెలు ఒక్క తీరే ఉంటయి గదా" అంది వసంతమ్మ, ఇది కూడా తెలియదా అన్నట్టు.

ఊళ్ళో ఆడవాళ్ళందరికీ తెలిసిన ముచ్చట అది. ఠాణాలో ఒక్కరికీ తెలియదు. ఎందుకంటే ఠాణాలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళు. పుట్టినప్పటినుంచి ఆ గిన్నెల్లో వండిన అన్నమే తిన్నారు గాని, ఒక్కనాడు ఒక్క గిన్నె తోమినవాళ్ళు లేరు. పోయిన గిన్నెల మీద గీతలున్నాయని చూశారు. పోని గిన్నెల మీద కూడా ఉన్నాయని ఎవరూ చూడలేదు.

మరునాడు చెప్పుదామనుకున్నాడు రాజలింగు. అప్పటికే అమీన్ సాబ్ సంతకం పెట్టేశాడు. ఎల్లుండి చెప్పుదామనుకున్నాడు. ఆనాడు జాతర బందోబస్తు పడింది. ఆ తర్వాత ఏడాది దొంగతనాలు తగ్గాయి. ఇంకో ఏడాది ఇంకా తగ్గాయి. అప్పుడతనికి లోపల ఒక మాట పుట్టింది: ఏమో, అమీన్ సాబే నిజమేమో! గీతలు ఎవరివైనా, లెక్క మాత్రం తగ్గుతున్నది కదా.

ఆ మాటను పట్టుకొని పదిహేనేళ్ళు అన్నం తిన్నాడు.

"దీన్ని అమ్మకు" అని బగోనెను గుడ్డ సంచిలో పెట్టుకున్నాడు.

"ఠాణాకు బగోనె ఎందుకయ్యా?"

"పనుంది."

వసంతమ్మ మూట మళ్ళీ కట్టింది. భర్త ముఖంలో కోపం గాని దిగులు గాని ఉంటే అడిగేదేమో. ఏమీ లేదు.

పది గంటలకు సిరాజ్ వచ్చాడు. అరవై దాటిన మనిషి. కళాయికి చల్లే నవాసాగరం పొగ పీల్చీ పీల్చీ గొంతు గరగరలాడుతుంది. వరండాలో కానిస్టేబుల్ పోశన్న బీడీ ముట్టించుకుంటూ ఎప్పటిలాగే ఎత్తుకున్నాడు.

"ఏం సిరాజ్ భాయ్, ఈ వారం ఎన్ని బగోనెలు కొట్టినవ్?"

"కొట్టనీకె ఊళ్ళె బగోనె ఏడున్నది పోశన్నా? అంత స్టీలే. స్టీలుకు తగరం పట్టది, దాన్ని దొంగ గూడ ముట్టడు. మీ పని వోయింది, నా పని వోయింది."

"నీ పనా? ఏ పని, పగటిదా, రాత్రిదా?"

"పగటిదే నాయినా. రాత్రి పని మీదే గదా, మా ఇంటిముందట ఈల ఊదుడు."

పోశన్న పడిపడి నవ్వాడు. పదిహేనేళ్ళుగా ఇవే మాటలు, ఇదే నవ్వు. ఇద్దరిలో ఎవరికీ అవి కొత్తగా తగలడం ఎన్నడో మానేశాయి. సిరాజ్ లోపలికి వచ్చి, రాజలింగు ముందుకు జరిపిన పుస్తకంలో ఎడమ బొటనవేలు ఒత్తాడు. వేలును తలకు రాసుకొని సిరా తుడుచుకున్నాడు. అర్జీ ఏమైందని అడగలేదు. రాజలింగు చెప్పలేదు. సిరాజ్ వెళ్ళిపోయాడు.

రాజలింగు సంచి తీసుకొని ఎస్సై గదిలోకి పోయాడు.

విఠల్‌రావుకు ముప్పై కూడా లేవు. పెద్దవాళ్ళను మన్నించే పిల్లవాడే గాని, పై ఆఫీసు కాగితమంటే తొందరెక్కువ. "రండి రైటర్ గారూ. జవాబు నేనే రాసిపెట్టిన, మీరు మంచిగ చేత్తో దించుండ్రి చాలు" అని కాగితం తోశాడు. పాత నేరస్తుల మీద, ముఖ్యంగా కేడీ సిరాజ్ మీద, పదిహేనేళ్ళుగా ఉంచిన గట్టి నిఘా వల్ల దొంగతనాలు తగ్గాయని అందులో ఉంది.

"ఇట్ల రాస్తే సిరాజ్ అర్జీ ఏమయితది సార్?"

"ఎట్ల తీసేస్తం? వాని మీద నిఘా పెట్టినందుకే తగ్గినయని మనమే రాసి, మల్ల మనమే నిఘా ఎత్తేస్తమా?"

రాజలింగు జేబులోంచి ఒక మడత కాగితం తీశాడు. "వాగు అవతలి ఠాణా రైటరు నాకు దోస్తు సార్. నిన్న పోయి ఆయన లెక్క అడుక్కొచ్చిన. యాభై ఏడులో అక్కడ ఇరవై ఆరు దొంగతనాలు. పోయినేడు ఒక్కటి. అక్కడ సిరాజ్ లేడు."

ఎస్సై కాగితం చూశాడు. "అక్కడ ఇంకో సిరాజ్ ఉండొచ్చు గదా?"

"ఉండె సార్. వాన్ని గూడ కేడీల పుస్తకంల రాసిండ్రు. వాడు అరవై ఒకట్ల సచ్చిపోయిండు. సచ్చినంక గూడ దొంగతనాలు తగ్గుకుంటనే వచ్చినయ్. సచ్చినోని మీద ఎవరు నిఘా వెట్టిండ్రు సార్?"

విఠల్‌రావు నవ్వబోయి ఆగాడు. కుర్చీ కొంచెం ముందుకు జరుపుకున్నాడు. "సరే. మరి ఎందుకు తగ్గినయి?"

"నాకు తెలిసింది చెప్త. తెల్వంది శాన ఉన్నది. ఒకటి, ఇండ్లల్ల ఇత్తడి పోయింది. జనం స్టీలు కొంటున్నరు. ఎత్తుకపోవడానికి ఉండాలె గదా."

"స్టీలు వచ్చి అయిదారేండ్లే. అంతకుముందు గూడ తగ్గినయి కదా?"

"అవు. అంతకుముందు శక్కర్ ఫ్యాక్టరీకి చెరుకు పెరిగింది. నరికెటోళ్ళకు ఆరునెలలు కూలి దొరికింది. కడుపు నిండితే కొందరన్న దొంగతనానికి పోకుంటుంటరు."

"కొందరు పోకుంటరు, కొందరు ఆ కూలి డబ్బుతోనే తాగి పోతరు. అది గూడ చూసిన నేను" అన్నాడు ఎస్సై.

"నిజమే సార్. అరవైల గల్లీల కరెంటు దీపాలొచ్చినయి. వెలుతురుల గోడ దుంకుడు కష్టం."

"కరెంటు వచ్చినంక పొలాల్ల మోటార్లు పోతున్నయి. పోయినేడు తొమ్మిది మోటార్లు!"

"అదే సార్ నేను చెప్పేది. దొంగ ఇండ్లు విడిచి పొలంలకు వోయిండు. మన లెక్కల ఇంట్లె దొంగతనం తగ్గింది, అంతే." రాజలింగు సంచిని బల్ల మీద పెట్టాడు. "ఇంకోటున్నది. కొన్ని మనం రాయక తగ్గినయి. గిన్నె పోయిందని ఆడోళ్ళొస్తే, పక్కింట్ల దేవులాడుపో అవ్వా అని పంపినం. నేనే పంపిన. రాస్తే లెక్క పెరుగుతదని అప్పటి అమీన్ సాబ్ కోపానికొచ్చేటోడు."

కిటికీ బయట చెరుకు బండ్లు పోతున్నాయి. ఎస్సై తను రాసిన జవాబు కాగితాన్ని మళ్ళీ తన వైపు లాక్కున్నాడు.

"అంటే ఏదీ కచ్చితంగ చెప్పలేం అంటరు."

"చెప్పలేం సార్. అన్నీ కొంచెం కొంచెం కావచ్చు. నేను చదివింది ఏడో తరగతి, నాకేం తెలుసు. సిరాజ్ వల్ల తగ్గినయన్నది మాత్రం అబద్ధం. అదొక్కటే నాకెరుక."

"ఎట్ల ఎరుక?"

రాజలింగు సంచిలోంచి బగోనె తీసి బల్ల మీద బోర్లించాడు. గీతలు చూపించాడు. నాలుగో గల్లీ, రెండో ఇల్లు అని చెప్పాడు. నాందేడ్‌లో దొరికిన బగోనెల సంగతి, అమీన్ సాబ్ బల్ల గుద్దిన సంగతి, ఆ సాయంత్రం తను ఇంట్లో చూసిన సంగతి, వరసగా, పంచనామా చదివినట్టు చెప్పాడు. ఈ ఊళ్ళో అటక మీద ఇత్తడి మిగిలిన ఏ ఇంటికైనా పోయి చూడవచ్చునన్నాడు.

విఠల్‌రావు బగోనెను రెండు చేతులతో పట్టుకొని చాలాసేపు చూశాడు. "మీకు ఎప్పటినుంచి తెలుసు?"

"యాభై ఏడు నుంచి."

"పదిహేనేండ్లు!"

"అవు సార్."

"మీకు ఇంక మూడు నెలల సర్వీసే ఉన్నది. ఇది కాగితం మీదికి ఎక్కితే మొదలు మిమ్మల్నే అడుగుతరు. తెలిసి ఎందుకు దాచినవని. పెన్షన్ ఆగుతది. ఎన్నేండ్లు ఆగుతదో నేను చెప్పలేను."

"తెలుసు సార్."

"నోటిమాటతో నేను ఏమీ చెయ్యలేను. మీ చేత్తో రాసి సంతకం పెడితేనే వాని హాజరీ ఆపుత. ఇంట్ల ఒకసారి అడిగి వస్తరా?"

"రాస్త సార్."

అక్కడే, నిలబడే రాశాడు. అర పేజీ. పదిహేనేళ్ళు మోసింది అర పేజీయేనా అనుకున్నాడు. గుండె తేలికవుతుందేమో అనుకున్నాడు, కాలేదు. చాలాసేపు ఒత్తుకొని పడుకుంటే తిమ్మిరెక్కిన చెయ్యిలాగా ఉంది లోపలంతా. తనదే, కాని తనది కానట్టు. నిజం చెప్తే మనశ్శాంతి అని పురాణంలో ఎన్నోసార్లు విన్నాడు. ఆ శాంతికి కూడా ఆలస్యమైతే గడువు దాటిపోతుందా? చెప్పేవాళ్ళు లేరు.

విఠల్‌రావు ఆ కాగితం రెండుసార్లు చదివి, సిరాజ్ అర్జీ మీద తన మాట రాశాడు. పై ఉత్తర్వు వచ్చేదాకా హాజరీ అవసరం లేదు, నిజామాబాద్‌లో ఉండవచ్చు. బగోనె తన బల్ల మీదే ఉంచుకున్నాడు.

"ఒక్క మాట రైటర్ గారూ" అన్నాడు, రాజలింగు తలుపు దాటబోతుంటే. "సిరాజ్ కాకపోతే, మరి ఆ ముప్పై ఒక్క ఇండ్లు దోచింది ఎవరు?"

"తెల్వదు సార్" అన్నాడు రాజలింగు. అది నిజమే.

మధ్యాహ్నం తానే పోయి సిరాజ్‌కు కాగితం ఇచ్చాడు. సిరాజ్ భార్య మహబూబీ గడప మీద కూర్చొని చేటలో బియ్యం ఏరుతున్నది. పోలీసు బట్టలు చూడగానే అలవాటుగా లేచి పక్కకు నిలబడింది. రాజలింగు విషయం చెప్పాడు.

"అచ్ఛా" అన్నాడు సిరాజ్.

కాగితం మడిచి, "అయితే వచ్చే సోమవారం రావద్దా?" అని అడిగాడు.

"రావద్దు."

"మరి పది గంటలకు ఏం చెయ్యాలె?"

"పండుకో!" అన్నది మహబూబీ. ఆమె గొంతు ఒక్కసారి పైకి లేచింది. "ఒక్క సోమవారమన్న ఇంట్ల పడి ఉండు. మీద ఈగలు ముసిరినా లేవకు!" అని, చేట తీసుకొని లోపలికి వెళ్ళిపోయింది. లోపల బియ్యం కిందపడిన చప్పుడైంది. ఏరుకుంటున్న చప్పుడు మాత్రం చాలాసేపు రాలేదు.

"సిరాజ్, ఆ గీతల సంగతి నాకు అప్పుడే తెలిసింది. చెప్పలే" అన్నాడు రాజలింగు.

"ఎరుకే సాబ్. మీ ఇంటి బగోనె మీద గూడ గీసింది నేనే గదా. ఒకనాడు కాకుంటే ఒకనాడు చూసే ఉంటరనుకున్న." సిరాజ్ మాటలో ఎత్తిపొడుపు లేదు. ఉంటే బాగుండుననిపించింది రాజలింగుకు. "ఎల్లుండి బస్సుకు నిజామాబాద్ పోత. దానికన్న ముందు మీ ఇంట్ల ఒక పనున్నది. రేపు పొద్దుగాల వస్త."

అన్నట్టే మరునాడు ఎనిమిది గంటలకు భుజాన గాలితిత్తి, చేతిలో బొగ్గుల సంచితో వచ్చాడు. వసంతమ్మ ఆశ్చర్యపోయింది.

"సిరాజన్నా, నేను పిలువలే గదా?"

"పిలిచినవక్కా. శాన రోజులైంది. రెండు గిన్నెలకు కళాయి వెయ్యమని రెండు సేర్ల జొన్నలు ముందే కొలిచిచ్చినవ్. ఒకటి చేసిన. రెండోది నిప్పుల మీద వెట్టకముందే పోలీసోళ్ళొచ్చి పట్టుకపోయిండ్రు. జొన్నలు మాత్రం మా ఇంట్ల తిన్నరు. బాకి ఉండిపోయింది."

వసంతమ్మకు అది గుర్తే లేదు. ఆమె భర్త వైపు చూసింది. రాజలింగు తల తిప్పుకున్నాడు. తన పెన్షన్ ఆగిపోవచ్చునని ఆమెకింకా చెప్పలేదు. మూట నిన్ననే స్టీలు సామానువాడికి పోయింది; ఇంట్లో వెతికితే ఇత్తడి అంటూ మిగిలింది ఒక్కటే, సోమవారాలు శివుడికి పరమాన్నం వండే గిన్నె. దేవుడి గిన్నెను స్టీలుకు మార్చడానికి ఆమెకు మనసొప్పలేదు. అదే తెచ్చి ఇచ్చింది.

సిరాజ్ వాకిట్లో చిన్న గుంత తవ్వి, తిత్తి మూతి దాంట్లో పెట్టి, బొగ్గులు రాజేశాడు. గిన్నెను ఇసుకతో తోమి నిప్పుల మీద తిప్పుతూ కాచాడు. నవాసాగరం చల్లితే తెల్లటి పొగ లేచింది. తగరం ముక్క తాకించి, దూది ఉండతో గిరగిర తుడిచాడు. అరుగు మీద కూర్చొని రాజలింగు చూస్తున్నాడు. ఎస్సై అడిగిన మాట ఆ పొగతో పాటు అతని ముందుకు వచ్చి నిలబడింది.

"సిరాజ్, నీకు కోపం రాదంటే ఒకటడుగుత. మరి ఆ ఇండ్లు దోచిందెవరు? నీకేమన్న ఎరుకా?"

"ఎరుకే" అన్నాడు సిరాజ్, గిన్నె మీదినుంచి చూపు తిప్పకుండా. "అప్పుడే చెప్పిన గదా."

"ఎవరికి? అమీన్ సాబ్‌కా?"

"మీకే సాబ్."

రాజలింగు అరుగు అంచుకు జరిగాడు.

"నా మాటలు బయాన్ల రాసుకునేటప్పుడు చెప్పిన. ఒక్కసారి గాదు, రెండుసార్లు చెప్పిన. పేరు వినంగనే మీరు అమీన్ సాబ్ మొకం చూసిండ్రు. అమీన్ సాబ్ తల ఊపిండు. మీరు కలం పక్కన పెట్టిండ్రు. మల్ల నేను ఆ మాట దాటి వేరేది చెప్పినంక కలం పట్టిండ్రు."

రాజలింగు కళ్ళు మూసుకొని ఆ రోజును వెతికాడు. అమీన్ సాబ్ గదిలో చాయ్ కప్పు గుర్తొచ్చింది. కప్పు అంచున కూర్చున్న ఈగ గుర్తొచ్చింది. సిరాజ్ పెదవులు కదలడం కూడా గుర్తొచ్చింది. పేరు రాలేదు. పదిహేనేళ్ళుగా తాను మోసింది ఒక్క గీతల సంగతేననుకుంటూ వచ్చాడు.

"ఆ పేరేంది సిరాజ్?"

"ఆగుండ్రి. ఇప్పుడు చెయ్యి ఆపితే తగరం మడతలు పడ్తది."

సిరాజ్ చివరిసారి దూది తిప్పి, పట్టకారుతో గిన్నెను నీళ్ళలో ముంచాడు. చుయ్యిమని ఆవిరి లేచింది. పంచె చెంగుతో తుడిచి, ముందు వసంతమ్మ చేతికే ఇచ్చాడు.

"మంచిగ చూసుకో అక్కా. యాడన్న నల్లగ ఉంటే ఇప్పుడే చెప్పు, మల్ల నేను దొరక."

ఆమె గిన్నెను వెలుతురుకు పట్టి లోపలంతా చూసింది. "తెల్లగనే ఉన్నదన్నా" అంది.

"అయితే మీ ఇంటి బాకి తీరింది."

తిత్తిలో మిగిలిన గాలిని రెండు చేతులతో ఒత్తి వదిలి, సిరాజ్ రాజలింగు పక్కన అరుగు మీద కూర్చున్నాడు.

"ఇగ చెప్త. కలం తెచ్చుకోండ్రి సాబ్."